మూడు పాయింటు ఎనిమిది

అగ్గిపెట్టెలో దూది పరిచి
దాచుకున్నాడు క్లావ్ ఈ బిళ్లల్ని.
ఒక్కొక్కటీ చిటికెనవేలి గోరంత.
ఉక్కురేకు మధ్య వలయం,
వలయాన్ని కిందనుంచి మోసే నిలువుకాడ,
చెరోపక్కా వెంట్రుకలాంటి అడ్డపుల్ల.
అంచున సూదిమొనతో గీసిన అంకె:
మూడు పాయింటు రెండు. మూడు పాయింటు నాలుగు.
అన్నిటికీ అడుగున, మెరుపు పోనిది,
మూడు పాయింటు ఎనిమిది.

“అది ముసలికళ్లకి” అనేవాడు.
డెబ్బై నాలుగేళ్లకి పోయాడు
దాన్ని ముట్టకుండానే.

నాకు యాభై తొమ్మిది.
ముప్ఫై ఏళ్లు పసుప్పచ్చ పోస్టుబస్సు నడిపాను
ఈ లోయ మలుపుల్లో, మూడు స్వరాల హారన్ మోగిస్తూ.
ఇప్పటికీ పాలలారీ నంబరు వంతెన అవతలే చదివేస్తాను.
తుపాకీ కొసనున్న వలయమే
ఈ వేసవి నుంచి నా మీద అలిగింది.
మూడువందల మీటర్ల అవతల నల్లటి గురి
దిష్టిచుక్కలా నిలబడాల్సింది
చెమర్చి, వణికి, అంచుకి అంటుకుని
చెంపమీదికి కారిపోతోంది.

గొర్రెలకొట్టం తలుపు తీసి వెలుతురు లోపలికి రానిచ్చాను.
బిగింపులో తోలుముక్క వేసి రైఫిలుని పడుకోబెట్టాను.
వీపు మీద రసమట్టం, బుడగ నడిమికొచ్చేదాకా.
ఎదుటి దూలానికి దారం,
దారం కొసన గుర్రపునాడా.
అది ఊగడం మానేదాకా ఒక కాఫీ.

పాత బిళ్ల తీసేముందు
ఊరికే, అలవాటుగా, ఓసారి చూశాను.

కాడ దారంతో కలవలేదు.
కుడికి వాలి ఉంది,
గడియారంలో ఒక్క నిమిషం జరిగినంత.

క్లావ్ ట్రాక్టరు బోల్తాపడ్డ ఏడు నాకు గుర్తుంది.
మెడ అతికింది, కానీ కుడికి.
ఫోటో తీసేవాళ్లు వచ్చి తలని నిలబెట్టి పోయేవాళ్లు,
వాళ్లు వెనక్కి నడిచేలోపు అది మళ్లీ తన చోటికి.
బిళ్లని అతను సరిగ్గానే అమర్చాడు.
అతని కంటికి దారం అటే వేలాడింది.

ఈ తుపాకీ నా చేతికొచ్చి ఆరేళ్లు.
దీన్ని కాస్త ఎడమకి వాల్చి, నన్ను కాస్త కుడికి వాల్చుకుని
నడుమ ఎక్కడో ఇద్దరం రాజీపడ్డాం.
“లదీనా, తిన్నగా పడుకో!” అని జియోన్‌అంతోని అరిచేవాడు.
తిన్నగానే పడుకున్నాననుకునేదాన్ని.
మెడనొప్పిని బస్సు స్టీరింగు మీదికి తోసేశాను.
డాక్టరు కూడా నమ్మి లేపనం రాసిచ్చాడు.

కొవ్వొత్తి వెలిగించి
కొత్తబిళ్లకి కాటుక పట్టాను.
తక్కువైతే అంచున ఎండ కూచుంటుంది,
ఎక్కువైతే రాలి కంట్లో పడ్డంత పని చేస్తుంది.
గొట్టంలో దించి, కాడని దారానికి కలిపి, మర తిప్పితే
మర తనతోపాటు బిళ్లనీ లాక్కుపోయింది.
విప్పాను. మళ్లీ. మళ్లీ లాక్కుపోయింది.
మూడోసారి వెంట్రుకవాసి ఎడమకి పెట్టి
బొటనవేలితో బిగించాను.
వాలుతూ వాలుతూ దారం దగ్గర ఆగింది.
కొట్టంలో నేనొక్కదాన్నే. అయినా “ఆఁ” అన్నాను.

శనివారం ఎర్రజెండా ఎగరేసి
వాలులోంచి ఆవుల్ని తోలేశారు.
చాపమీద బోర్లా పడుకుని చూద్దును గదా
నల్లగురి వచ్చి నిమ్మళంగా కూచుంది,
చుట్టూ ఊపిరాడేంత తెలుపు.

ఐదు గుళ్లు.
ఐదూ ఒకే చోట, తొమ్మిదో రింగులో, మూడు గంటల వైపు.
పక్కచాప మీది పిల్ల మెంజియా
అయ్యో అన్నట్టు చూసింది.
నేను నవ్వు ఆపుకోలేకపోయాను.
ఆరేళ్ల వాలు అంతా
అక్కడ, అరచేతంత మేర, కాగితం మీద.

వెనకసైటు ఎడమకి తిప్పాను.
ఆరు క్లిక్కులు. నోటుబుక్కులో రాశాను.
పాతబిళ్లని దూదిలో పెట్టి పెట్టె మూశాను.

మళ్లీ చెంప ఆనించాను.
తల తనంతట తనే
కుడికి వెళ్తోంది, క్లావ్ వైపు.
లాక్కొచ్చాను. వెళ్లింది.

మెడకి క్లిక్కులు లేవు.